అయినవారికి చెప్పు మాట



ఊరివారందఱి యెదుట ధారాళముగ మాటలాడగల మనుష్యుడు తన యింటి యరుగుమీద సొంత తమ్ముని యెదుట మూగవాడగుట లోకములో వింత కాదు. వానను గూర్చి, శనగ ధరను గూర్చి, పంచాయతీని గూర్చి గంటలకొలది మాటలాడును. తన హృదయములో నన్నిటికంటె విలువగలదిగా నెంచుకొన్న సంగతి వచ్చునప్పటికి గొంతు పట్టుకొనును. మా క్రైస్తవ కుటుంబములలో నిది మఱింత హెచ్చు. ఆదివారము మందిరములో నిలుచుండి సాక్ష్యము చెప్పిన పెద్దమనిషియే సోమవారము సంతలో బావమఱది యెదురై “ఏమి బావా, నిన్న పొద్దున ఇంటికి వస్తే లేవే” యని యడిగినచో “ఏదో పని పడినది లే” యని తప్పించుకొనును. ఈ సంకోచ మెక్కడనుండి వచ్చినది, దీనిని దాటుటకు త్రోవ యెట్టిది యను విషయమును గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేసెదను. క్రైస్తవులు కాని పెద్దలును వినుచున్నారని నే నెఱుగుదును. వారిని ప్రక్కకు బెట్టి చెప్పు ప్రసంగము కాదిది. చెప్పువాడున్నచోట వినువాడును ఉండవలెను గదా.

ముందు మా ప్రాంతపు చరిత్ర కొంత చెప్పవలెను. కోయిలకుంట్ల తాలూకా 1858 వఱకు కడప జిల్లాలోనిది. ఆ యేట కంభము, మార్కాపురములతో గూడ కర్నూలు జిల్లాలో జేరినది. 2022 నుండి నంద్యాల జిల్లాలో నున్నది. కడపలో లండను మిషనువారు 1822లో పని మొదలుపెట్టిరి. ఆ శతాబ్దము నడుమ ఎస్.పి.జి. యనబడు ఇంగ్లండు సంఘపు మిషనువారు చాగలమఱ్ఱి దగ్గఱనున్న ముత్యాలపాడులోను, తరువాత నంద్యాలలోను నిలిచిరి. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి పేరు మా ప్రక్కల నెఱుగనివా రరుదు. ఈ సంగతులు చదివినవారు, దొరలు గుఱ్ఱములెక్కి వచ్చి బోధించుటచేతనే జనులు కలిసిరని తలంతురు. అది సగము మాట. దొర యొక పల్లెకు ఏడాదికి ఒకటి రెండు మాఱులు వచ్చి, ఒక పూట నిలిచి, మఱియొక పల్లెకు సాగిపోవును. తక్కిన దినము లన్నియు ఆ పల్లెలో మాట నడపినవారు చుట్టములు. పెండ్లికి వచ్చిన మేనమామ, కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డ, తోళ్ళు కొనవచ్చిన వర్తకుడు, వీరి నోటనే యది యూరూర దిరిగినది.

నల్లమలకు తూర్పున ఒంగోలు సీమలో ఇందుకొక స్పష్టమైన దృష్టాంతమున్నది. ఎఱ్ఱగుంట్ల పేరయ్య యనునతడు తాళ్ళకొండపాటివాడు, మాదిగ కులజుడు, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడగుటకు ముందే రాజయోగ మార్గమున జాలకాలము నడచినవాడు. అతనిని గురువుగా నెంచినవారును కొందఱుండిరి. వ్యాపారముమీద ఉత్తరపు జిల్లాలకు బోయినప్పుడు క్రైస్తవబోధ అతని చెవిని బడెను. 1866లో అతడు బాప్తిస్మము పొందెను. 1867 జనవరిలో అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర ఆ పల్లె ప్రాంతమున గుడారము వేయునప్పటికి, పేరయ్య తన బంధువులకును, ఎఱిగినవారికిని చెప్పవలసిన మాట చెప్పియే యుండెను. జనులు మూటలు గట్టుకొని వచ్చి అయిదు దినములు అక్కడనే యుండి వినిరి. 28 మంది బాప్తిస్మము పొందిరి. దొర వచ్చి విత్తనము చల్లినాడనుటకంటె, పేరయ్య విత్తిన చేనికి దొర కోతకు వచ్చినాడనుట న్యాయము.

పేరయ్య మాట వారికేల పట్టినదని విచారింపగా నాకు దోచున దిది. అతడు వెదకుచుండగా వారు చూచిరి. ఏండ్లతరబడి వారి నడుమనే కూర్చుండి, వారితోడనే వెదకిన మనుష్యుడు, వెదకినది దొరకినదని చెప్పుటకు వేదిక అక్కఱలేదు, సన్నాయి అక్కఱలేదు. వాని ముఖమే ముందు చెప్పును. ఇంటివారికి మన ముఖము తెలిసినంతగా బోధకునికి దెలియదు. మేలైన సంగతియు అదియే, చిక్కును అదియే. మన కోపము, మన అప్పులు, మనము తల్లికి మందు తెచ్చితిమా లేదా యనునది, అన్నియు వారికి దెలియును.

ఇక సంకోచమునకు గల కారణములు. మొదటిది పరిహాసభయము. ధాతు సంవత్సరపు కరువును గూర్చి మా తాతలు చెప్పగా వినినవారము మేము. 1876 మొదలు 1878 వఱకు నడచిన యా కరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు మిక్కిలి చెడినవి. దాని పిమ్మట వేలకొలది జనులు సంఘములలో జేరిరి గనుక, గంజికొఱకు కలిసిరను నింద మా వంశములకు అంటుకొనినది. ఆ నింద విని తలవంచుకొను మనుమలు నేటికిని గలరు. వారికొక సంగతి చెప్పవలెను. ఆ కరువులో క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో కొంతమేర త్రవ్వకము కంట్రాక్టుగా దీసికొని ఆకలిగొన్నవారికి కూలి యిప్పించెను. కరువు సాయము నడచినంతకాలము బాప్తిస్మ మడిగినవారికి నీయక నిలిపెను. సాయము ముగిసిన పిమ్మటనే, 1878లో, ఇచ్చుటకు మొదలుపెట్టెను. ఆ యేడు జూలై 3వ తేదీ ఒక్కనాడే గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి దగ్గఱ 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గంజి యైపోయిన తరువాత వచ్చినవారు వీరు. ఆకలిచేత వచ్చినవాడెవడును లేడని నే ననను, ఉండిరి. ఆకలితో వచ్చినవాడు నిజముగ నమ్మరాదను శాస్త్ర మెక్కడను లేదు. తాత యాకలిగొనుట మనుమనికి సిగ్గు కానేరదు.

రెండవ కారణము కాగితము. దీనిని మందిరములలో నెవరును చెప్పరు గాని అందఱెఱుగుదురు. 1950 ఆగస్టు 10వ తేదీని రాష్ట్రపతి వెలువరించిన యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులమువాడని వ్రాయించుకొనుటకు హిందువై యుండవలెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో జేర్చిరి, క్రైస్తవులను జేర్పలేదు. మన రాష్ట్రమున ఆ కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా లెక్కింపబడుదురు. ఈ విషయమును పరిశీలించుటకు 2022లో జస్టిస్ బాలకృష్ణన్ గారి యధ్యక్షతన నొక విచారణసంఘమును కేంద్ర ప్రభుత్వము నియమించెను. పిల్లవాని చదువు, ఉద్యోగము ఆ కాగితముమీద నాధారపడియున్నప్పుడు తండ్రి నాలుక బరువెక్కుట సహజము. ఇంటిలో నొకటి, కాగితములో నొకటి. ఈ చిక్కును విప్పు శక్తి నాకు లేదు. ఇది చట్టము దెలిసినవారి పని. అయినను ఆ తండ్రిని విశ్వాసహీనుడని నిందించుటకు ముందు, జీతము వచ్చు బోధకుడు తన బిడ్డ ఫీజును తలచుకొనవలెనని మాత్రము చెప్పుదును.

మూడవది యన్నిటికంటె లోతైనది. అన్నదమ్ములలో నొకడు కలిసి యొకడు కలియని యిండ్లు మా ప్రక్క ననేకము. అవ్వ చనిపోయిన దహనమా, ఖననమా? పెద్దమ్మ జాతరకు చందా యీయవలెనా, వలదా? దసరానాడు వదినె పంపిన బొబ్బట్టు తినవచ్చునా? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క తగవు. ఇంతకష్టముతో నిలుపుకొన్న పొత్తు మాటాడినందున జెడునేమో యని భయము. ఈ భయమును పిఱికితనమని దూషించు ప్రసంగములు నేను విన్నాను, వానితో నేకీభవింపను. ముప్పదియేండ్లు ఒక బావి నీళ్ళు పంచుకొన్నవానిని పోగొట్టుకొందునేమో యను భయము ప్రేమనుండి పుట్టినది. దానిని కొట్టిపాఱవేయరాదు. దానికి దగిన త్రోవ చూపవలెను.

ఆ త్రోవ ఒక మాటలోనే యున్నది. క్రైస్తవ గ్రంథములో దీనికి సాక్ష్యమని పేరు. నేను తెలుగు పంతులును. మాటను బట్టి విచారించుట నాకలవాటు. సాక్షాత్తుగా చూచినవానికే సాక్షి యను పేరు చెల్లునని పాణిని వ్యాకరణము. విన్నవాడు సాక్షి కాడు, ఊహించినవాడు సాక్షి కాడు. కోర్టు మెట్లెక్కినవారు మీలో నెందఱో యుందురు. అక్కడ వకీలు వాదించును. న్యాయాధిపతి తీర్పు చెప్పును. సాక్షి తాను కన్నది చెప్పి బోను దిగి యింటికి బోవును. సాక్షి వాదించుటకు మొదలుపెట్టెనా, అవతలి వకీలు వానిని రెండు ప్రశ్నలతో బడగొట్టును. మనవారిలో జాలమందికి నోరు పెగలకపోవుటకు కారణము, వారు సాక్షి పనిని వకీలు పనిగా నెంచుటయే. సృష్టిని గూర్చి అడుగుదురేమో, పునర్జన్మను గూర్చి అడుగుదురేమో, నాకు జవాబు రాదే యని వెనుదీయుదురు. తమ్ముడు వాదములో నోడిపోవలెనని యెవడు కోరెను? ఓడిన తమ్ముడు మాటలాడుట మానివేయును, అంతే.

మార్కు సువార్తలో దయ్యము విడిచిన మనుష్యుని కథ చదువుడు. వాడు యేసు వెంట వచ్చెదనని బతిమాలుకొనెను. ఆయన యొప్పుకొనలేదు. తన యింటివారియొద్దకు బోయి తనకు జరిగిన మేలును వారికి దెలుపుమని పంపివేసెను. వానికి వేదాంతము నేర్పలేదు. వాని చేతికి పుస్తక మీయలేదు. యోహాను సువార్తలో అంద్రెయ మొదట వెదకి పట్టుకొన్నది తన సహోదరుడైన సీమోనును. సమరయ స్త్రీ కడవ బావియొద్దనే విడిచి యూరిలోనికి బోయి, వచ్చి చూడుడని మాత్రము చెప్పినది. వీరిలో నొక్కరును ఉపన్యాసము చేయలేదు.

మన రాజ్యాంగమును ఈ భేదమునే చెప్పుచున్నదని నా యభిప్రాయము. ఇరువదియైదవ యధికరణము మతమును ప్రచారము చేయు స్వాతంత్ర్యము నిచ్చినది. 1977లో స్టానిస్లాస్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, తన మత సిద్ధాంతములను వివరించి చెప్పు హక్కు గలదు గాని ఇతరుని మార్చు హక్కు లేదని తీర్పు చెప్పెను. క్రైస్తవులలో గొందఱు ఆ తీర్పునకు నొచ్చుకొనిరి. చట్టపు సంగతి యెట్లున్నను, ఇంటిలో మాటలాడువానికి నిది మంచి కొలబద్ద. చెప్పుట నా వంతు. మాఱుట నా వంతు కాదు. వానికిని దేవునికిని నడుమ గల సంగతి.

నా చిన్ననాటి సంగతి యొకటి యిక్కడ బనికివచ్చును. మా తండ్రిగారు నన్ను పదునాల్గవ యేట నొక వైష్ణవ పండితులయొద్ద శబ్దమంజరికిని, అమరమునకును, పిదప రఘువంశమునకును పంపిరి. క్రైస్తవుల పిల్లవాడని యెఱిగియే ఆయన చేర్చుకొనిరి. ఒక సాయంకాలము పాఠమైన తరువాత “ఒరే అబ్బాయీ, మీ గ్రంథములో నీకు నచ్చిన కథ యొకటి చెప్పరా” యనిరి. ఇద్దఱు కుమారులు గల తండ్రి కథ చెప్పితిని. ఆస్తి పంచుకొని పోయి పాడుచేసి తిరిగివచ్చిన చిన్నవానిని తండ్రి యెదురేగి కౌగిలించుకొనుట, పెద్దవాడు కోపించి గుమ్మము బయటనే నిలుచుట, తండ్రి వెలుపలికి వచ్చి వానిని బతిమాలుట చెప్పి ఊరకుంటిని. ఆయన కొంతసేపటికి “పెద్దవాడు తుదకు లోనికి వచ్చెనా?” యని యడిగిరి. గ్రంథములో జెప్పలేదంటిని. “అట్లయిన ఆ కథ పెద్దవానికొఱకు జెప్పినదిరా” యనిరి. ఆయన తన నారాయణుని తుదివఱకు విడువలేదు. నేను విడువుడని యడుగలేదు. ఆయన చేసిన యా వ్యాఖ్యానమును మాత్రము నలువదియేండ్లుగా నేను మా మందిరములో జెప్పుచున్నాను. ఒకరికి చెప్పినచో మనకేమి దక్కునని యడుగువారికి నా సమాధాన మిది.

కొందఱు తొందరపడుదురు. ఇంటివారు త్వరగా వినరు. యేసు సహోదరులే మొదట ఆయనను నమ్మలేదని సువార్తలో వ్రాయబడియున్నది. వారిలో యాకోబు తరువాతికాలమున యెరూషలేము సంఘమునకు పెద్ద యయ్యెను. ఆఫ్రికా ఖండపు టుత్తరతీరమున బుట్టిన అగస్తీను తల్లి మోనికా కొడుకు మనసు త్రిప్పవలెనని యేండ్లతరబడి యేడ్చినది. వానితో మాటలాడుమని యామె యొక బిషప్పును వేడుకొనగా, అతడు వాదమునకు లొంగు దశలో లేడు, విడిచిపెట్టి ప్రార్థింపుమని యాయన చెప్పెను. అగస్తీను 387లో మిలాను నగరమున బాప్తిస్మము పొందెను. విశ్వాసములేని భర్తలను మాటలు లేకుండ నడవడిచేతనే గెలువవలెనని పేతురు స్త్రీలకు వ్రాసెను. అదే లేఖలో, అడిగినవానికి సాత్వికముతో జవాబు చెప్పుటకు సిద్ధముగ నుండవలెననియు వ్రాసెను. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. నడవడి చూచి ఒకనాడు అడుగుదురు. అడిగిననాడు ఏదో పని పడినదని తప్పించుకొనరాదు.

చెప్పరాని సమయములును స్థలములును గలవు. పెండ్లిలో, పదిమంది నడుమ, ఒకనిని నిలబెట్టి చెప్పరాదు. ఇతరుల దేవతలను దూషించి చెప్పరాదు. దూషణ విన్నవాని చెవి మూతపడును. ఇతర మతమువారి పుణ్యక్షేత్రములలో బ్రచారము చేయుట మర్యాద కాదు. తిరుమల విషయమున 2007 నుండి అది శాసనవిరుద్ధము గూడ. అన్నిటికంటె ముఖ్యముగ, కాదనలేనివానికి చెప్పరాదు. అప్పు తీసికొన్నవానికి అప్పిచ్చినవాడు, కూలివానికి రైతు, రోగికి సూది పట్టుకొన్న వైద్యుడు చెప్పిన మాట సాక్ష్యము కాదు, ఒత్తిడి. ముప్పదినాలుగేండ్లు బడిలో నేను పాఠము చెప్పితిని గాని తరగతిలో మతము చెప్పలేదు. పిల్లవాడు గురువు మాటకు కాదనలేడు. వాడు పెద్దవాడై, ఉద్యోగస్థుడై, నా యింటి కుర్చీలో నాతో సమానముగ గూర్చుండి అడిగినప్పుడు చెప్పితిని. అట్లు అడిగినవారు పలువురు. వారిలో నేటికిని నాతో వాదించువారే యెక్కువ.

మాట రానివారికి పాట యున్నది. 1803లో జన్మించి 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి గారు బ్రాహ్మణులు, చదువుకొన్నవారు; చిన్న పుస్తకములును వ్రాసిరి. ఆ పుస్తకములను నేడు వెదకవలెను. ఆయన కీర్తనలు మాత్రము తెలుగు క్రైస్తవుల ప్రతి యింటను వినబడుచున్నవి. మన రాగములలో, మన తాళములలో నున్నవి గనుక పొరుగింటివారికిని పరాయిగ దోపవు. నాలుగు మాటలు గట్టిగ బలుకలేని మా పల్లె స్త్రీలు రోకటిపోటు వేయుచు, కలుపు తీయుచు ఆ కీర్తనలు పాడుకొందురు. ప్రక్క సాలులోని యామె అర్థమడుగును. అర్థము చెప్పుటకు సంకోచ మేమున్నది?

దోర్నకల్లు బిషప్పు వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారి పద్ధతి యొకటి గలదు. 1874లో తిరునల్వేలి సీమలో బుట్టిన తమిళుడాయన. 1912లో ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు. తెలుగు నేర్చి, 1945లో చనిపోవువఱకు మన పల్లెలలో దిరిగెను. మా నంద్యాల ప్రాంతపు సంఘములును కొంతకాలమునకు ఆయన యధీనములోనికి వచ్చెను. బాప్తిస్మము పొందినవారిని తమ చేయి తమ తలమీద బెట్టుకొని, సువార్త చెప్పకున్న తమకు శ్రమ యను పౌలు మాటను ఎవరికివారే పలుకుడని యాయన యడుగును. ఆ పలికినవారిలో నక్షరము రానివా రెందఱో. చదువు వచ్చువఱకు ఆగుడని యాయన వారికి చెప్పలేదు. వారికి దెలిసినది వారికి దెలియును. దానిమట్టుకు వారు చెప్పగలరు.

తఱచుగ నన్నడుగు ప్రశ్న యొకటి మిగిలినది. “అయ్యా, మా అన్న నాకు జవాబు రాని ప్రశ్న వేసినచో నేమి చేయవలెను?” సాక్షిని బోనులో తాను చూడని సంగతి యడిగినప్పుడు ఏమి చెప్పును? తెలియదని చెప్పును. న్యాయాధిపతి దానిని అట్లే వ్రాసికొనును. అందుచేత వాడు చూచితినని చెప్పిన సంగతికి విలువ తగ్గదు. నాకు దెలియదన్నా, తెలిసికొని చెప్పుదును, నీవేమనుకొనుచున్నావో చెప్పుము, అని యనుడు. అన్న చెప్పుట మొదలుపెట్టునా, చివరివఱకు వినుడు. చీకటిపడినచో భోజనమునకు అక్కడనే కూర్చుండుడు.